టీచరు గారి టేబులు మీద మామిడికాయలు

జనవరి నెలాఖరులో ఆరో కీమో అయిపోయింది. విజయవాడ నుంచి తిరువూరు వచ్చే బస్సులో మా ఆయన నీళ్ళ సీసా మూత తీసి నా చేతిలో పెట్టాడు. అది జారి సీటు కిందకి దొర్లిపోయింది. పట్టుకున్నాననే అనుకున్నాను. నా వేళ్ళు సీసా చుట్టూ ఉండడం కళ్ళతో చూశాను కూడా. జారిపోయిందన్న సంగతి మాత్రం చప్పుడు వినపడ్డాకే తెలిసింది. ముందు సీటులో కూర్చున్నావిడ చీర అంచు తడిసింది. మా ఆయనే ఆవిడకి సర్ది చెప్పి, వంగి సీసా వెతికాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

వేళ్ళు మొద్దుబారడం మూడో డోసు తర్వాత మొదలైంది. మందు నరాల్ని దెబ్బతీస్తుందనీ, చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుందనీ, కొంతమందికి కొంచెం మిగిలిపోతుందనీ డాక్టరమ్మ ముందే చెప్పింది. నర్సింగ్ చదువుతూ విజయవాడ హాస్టల్లో ఉంటున్న మా అమ్మాయి కూడా ఫోన్లో అదే చెప్పింది. సరేనన్నాను. అప్పటికి అన్నిటికీ సరేననడం అలవాటైపోయింది.

నేను లేడీస్ టైలర్ని. పద్దెనిమిదేళ్ళుగా ఇంటి ముందు గదిలో జాకెట్లూ పంజాబీ డ్రస్సులూ కుడుతున్నాను. జాకెట్టు కుట్టేవాళ్ళకి కళ్ళకన్నా వేళ్ళు ముఖ్యం. గుడ్డ ఎటు సాగుతుందో, లైనింగ్ లోపల ముడత పడిందో లేదో చూపుడు వేలూ బొటనవేలూ చెప్పేస్తాయి. నావి ఇప్పుడు ఏమీ చెప్పడం లేదు. ఏ గుడ్డ పట్టుకున్నా చేతికి మందపాటి తొడుగు వేసుకుని పట్టుకున్నట్టే ఉండేది. నూలుకీ సిల్కుకీ తేడా చూసి తెలుసుకోవాల్సి వచ్చేది.

ఆ ఏడు రంజాన్‌కి మిషను తెరవలేదు. ప్రతి ఏడూ ఆ నెలంతా మా గదిలో కాలు పెట్టడానికి చోటుండదు. పండగ ముందు రోజు దాకా పిల్లల గౌన్లకి జరీ అంచులు వేస్తూనే ఉంటాను. ఈసారి మిషను మీద పాత దుప్పటి కప్పాం. దాని మీద మా అత్తమ్మ మందుల డబ్బా, రిపోర్టుల కవర్లు పెట్టింది. గుడ్డలు పట్టుకుని వచ్చినవాళ్ళు నా తల చుట్టూ ఉన్న స్కార్ఫు చూసి, బాగున్నావా అని అడిగి, తెచ్చిన సంచీ వెనక్కి దాచుకుని వెళ్ళిపోయేవాళ్ళు. పక్క సందులో ఇంకో ఆవిడ కుడుతుంది. అక్కడికే వెళ్ళి ఉంటారు. నాకేమీ అనిపించలేదు.

ఏమీ అనిపించకపోవడమే అప్పటి నా సంగతి. చూడ్డానికి వచ్చిన చుట్టాలు ఏడ్చేవాళ్ళు. నేను వాళ్ళకి టీ పెట్టేదాన్ని. ఎంత ధైర్యమో అని ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకునేవాళ్ళు. ధైర్యం కాదు. ఎవరో వేరే మనిషికి వచ్చిన జబ్బు గురించి మాట్లాడుతున్నట్టు ఉండేది. వానాకాలంలో ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు. కట్టు విప్పిన రోజు అద్దంలో చూసుకున్నాను. కుట్లు సమానంగానే పడ్డాయి, చంక దగ్గర మాత్రం కొంచెం లాగింది అనుకున్నాను. అంతే.

ఏప్రిల్ మొదట్లో ఒక పొద్దున టీచరు గారు వచ్చారు. వినగడప స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఇల్లు మా వెనక వీధిలోనే. నేను మిషను కొన్న కొత్తలో నా చేతికి మొదటి జాకెట్టు ఇచ్చింది ఆవిడే. జబ్బు తెలిశాక రెండు మూడుసార్లు వచ్చి చూసి వెళ్ళారు. ఎప్పుడూ ఏడవలేదు. ఆ రోజు కొలతలకి వచ్చేవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చుని ఫోనులో ఒక ఫొటో చూపించారు.

డైనింగ్ టేబులు మీద నిలువుగా పరిచిన సన్నటి పొడుగాటి గుడ్డ అది. బొంతలాగా మందంగా ఉంది. దాని మీద నారింజ రంగువీ గోధుమ రంగువీ ఆకుల ఆకారాలు కుట్టారు. ఎక్కడో చలిదేశాల్లో ఆకులు రాలే కాలానికి అలాంటిది పరుచుకుంటారట, కాలం మారితే గుడ్డ కూడా మారుస్తారట. టీచరు గారికి ఆకులు అక్కర్లేదు. మామిడికాయలు కావాలి. వేసవంతా పరుచుకుని, వానలు పడ్డాక మడిచి లోపల పెడతానన్నారు. కొత్త గుడ్డ కొననని, నా దగ్గర మిగిలిన ముక్కలతోనే చెయ్యమని అడిగారు.

నావల్ల కాదన్నాను. చేతులు చాపి చూపించాను, చూస్తే ఏదో కనిపిస్తుందన్నట్టు. సూది పట్టుకున్నదీ లేనిదీ కూడా తెలియడం లేదని చెప్పాను.

"నేనేమన్నా జాకెట్టు ఇచ్చానా అమ్మాయ్?" అన్నారావిడ. "ఇది ఒంటికి తగిలేది కాదు. వంకర పోతే పోనీ. టేబులుకేమన్నా చంకల దగ్గర బిగుతవుతుందా?"

టేబులు కొలతలు కాగితం మీద రాసుకునే వచ్చారు. పొడుగు ఆరడుగులు. గుడ్డ టేబులు మీదంతా పరుచుకుని రెండు చివర్లా జానెడు జానెడు కిందకి వేలాడాలి. సరేనన్నాను. చెయ్యాలనిపించి కాదు. కాదనడానికి ఇంకో మాట వెతుక్కునే ఓపిక లేక.

మంచం కింద రెండు సంచుల నిండా పీలికలు ఉన్నాయి. కటింగ్‌లో మిగిలినవి ఏ రోజూ పారెయ్యలేదు. అత్తమ్మ సంచులు లాగి చాప మీద గుమ్మరించింది. రంగులవారీగా వేరు చేస్తూ కూర్చున్నాను. ఏ ముక్క చూసినా అది ఎవరిదో గుర్తొచ్చింది. ఇది నెమలి ఊళ్ళో గుడిలో పెళ్ళి చేసుకున్న పిల్ల జాకెట్టులోది, ఇది మూడుసార్లు చేతులు పొట్టి చేయించుకున్న బ్యాంకు ఆవిడది, ఇది పండక్కి అక్కచెల్లెళ్ళు నలుగురికీ ఒకే తానులో కుట్టింది. వాళ్ళ కొలతలు కూడా చెప్పగలను. జ్ఞాపకం బాగానే పనిచేస్తోంది. ఆ జ్ఞాపకాలతో పాటు ఇదివరకు వచ్చే నవ్వు మాత్రం రావడం లేదు.

చిలకాకుపచ్చ, ముదురాకుపచ్చ సరిపడా దొరికాయి. మామిడిపండు పసుపు దొరకలేదు. ఉన్నవన్నీ నిమ్మకాయ రంగువి. బీరువా తెరిచాను. పసుపు జాకెట్టు నాది ఒకటుంది. ఆపరేషన్ తర్వాత నేను జాకెట్లు తొడుక్కోవడం మానేశాను. ఇంట్లో నైటీ, ఆస్పత్రికి వదులు డ్రస్సు, పైన పెద్ద చున్నీ. నా జాకెట్లన్నీ పాత కొలతలకే మడతపెట్టి ఉన్నాయి. ఊళ్ళో సగం మందికి సరిచేసి ఇచ్చినదాన్ని, నావి మాత్రం ముట్టుకోలేదు.

పసుపు జాకెట్టు తీసి బ్లేడుతో కుట్లు విప్పాను. రొమ్ము దగ్గర ఆకారం కోసం వేసిన డాట్లు విప్పి ఇస్త్రీ చేస్తే గుడ్డ చదునుగా పడింది కానీ మడత గీతలు పోలేదు. అట్ట ముక్క మీద మామిడికాయ గీసి, కత్తిరించి, దాన్ని గుడ్డ మీద పెట్టి సుద్దతో గీశాను. ఆరు కాయలు వచ్చాయి. కత్తెర పట్టు తెలియదు కాబట్టి చూపు ఒక్క క్షణం పక్కకి తిప్పకూడదు. ఒక్కో కాయ కత్తిరించడానికి జాకెట్టు మొత్తం కత్తిరించేంత సేపు పట్టింది.

అత్తమ్మ వచ్చి చూసింది. "అది నీ జాకెట్టు కదమ్మా" అంది.

అవునన్నాను. ఆవిడ నా పక్కన చతికిలబడింది. ఇంకేదో అంటుందనుకున్నాను. చాప మీద పడ్డ హుక్కులు ఒక్కొక్కటే ఏరి గుండీల డబ్బాలో వేసి, లేచి వెళ్ళిపోయింది.

బొంత పని నాకు రాదు. అది అత్తమ్మకి తెలుసు. పైగుడ్డకీ అడుగుగుడ్డకీ మధ్య కొత్తది పెట్టకూడదు, ఉతికి ఉతికి మెత్తబడిన చీరే వెయ్యాలి, లేకపోతే లోపల ఉండలు కడుతుందని చెప్పి తన నూలు చీర ఒకటి చింపి ఇచ్చింది. అడుగుకి లైనింగ్‌లో మిగిలిన తెల్లగుడ్డ అతికాను.

ముక్కలు అతకడం మిషను మీదే. దుప్పటి తీసి, నూనె వేసి, కూర్చున్నాను. పాదాలకి కూడా తిమ్మిరే. పెడల్ మీద ఎంత బరువు వేస్తున్నానో తెలియక మిషను ఒక్కసారిగా పరిగెత్తేది, లేదంటే ఆగిపోయేది. మొదటి పట్టీ పాములా వంకర పోయింది. విప్పాను. మళ్ళీ కుట్టాను. మళ్ళీ విప్పాను. విసుగు రాలేదు. విప్పమంటే విప్పడం, కుట్టమంటే కుట్టడం. ఎవరు అంటున్నారో తెలియదు.

సూదిలో దారం ఎక్కించడం మాత్రం ఎంత చేసినా కాలేదు. దారం కొస రెండు వేళ్ళ మధ్య ఉందో లేదో తెలియకపోతే ఎలా ఎక్కిస్తాం? మా ఆయన గూడ్స్ ఆటో నడుపుతాడు. అది మామిడి సీజను. తెల్లవారకముందే రెడ్డిగూడెం తోటలకి వెళ్ళాలి. ఆ వారమంతా బయలుదేరేముందు ట్యూబులైటు కింద నిలబడి పది సూదుల్లో దారం ఎక్కించి, గోడ మీద క్యాలెండరుకి వరసగా గుచ్చి వెళ్ళేవాడు. స్టీరింగు పట్టి పట్టి మొరటు తేలిన చేతులు. మొదటి రోజు దారం తడి చేసుకుంటూ, ఒక కన్ను మూసుకుంటూ చాలాసేపు తంటాలు పడ్డాడు. నాలుగో రోజుకి చులాగ్గా చేసేశాడు.

జబ్బు తెలిసిన దగ్గర్నుంచీ ఆయన దాని గురించి నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఏ బస్సుకి వెళ్ళాలి, ఏ రిపోర్టు పట్టుకెళ్ళాలి, ఏం తినాలి, అంతవరకే. నేనూ ఆ మాట ఎత్తలేదు.

మామిడికాయలు అతకడం అయ్యాక మూడు పొరలూ కలిపి చేత్తో కుట్టడం మొదలుపెట్టాను. పైనుంచి కుడిచేత్తో సూది దించుతూ, కింద ఎడమచేత్తో అందుకుంటూ వెళ్ళాలి. రెండు రోజులు మధ్యాహ్నాలు కూర్చుని సగం దాకా వచ్చాను. మూడో రోజు మా ఆయన తోటల నుంచి భోజనానికి వచ్చి, ఫ్యాను కింద చొక్కా విప్పుతూ నా వైపు చూసి ఆగిపోయాడు. దగ్గరికి వచ్చి గుడ్డ తీసుకుని తిరగేశాడు.

తెల్లటి అడుగుగుడ్డ మీద ఎర్రటి చుక్కలు. కుట్టు వెళ్ళిన దారంతా ఉన్నాయి. ఒకచోట నాలుగైదు కలిసి మరకలా పాకింది. నా ఎడమచెయ్యి తిప్పి చూశాడు. చూపుడు వేలూ మధ్యవేలూ చిల్లులు చిల్లులు.

"నొప్పెట్టలేదా?" అన్నాడు.

"లేదు."

"ఇన్నిసార్లు గుచ్చుకుంటే కూడా?"

"తెలియలేదు. కిందవైపు చూసుకోలేదు."

ఆయన నా చెయ్యి వదిలి పెరట్లోకి వెళ్ళాడు. కుళాయి తిప్పిన చప్పుడైంది. ముఖం కడుక్కుంటున్నాడనుకున్నాను. నీళ్ళు అలా పడుతూనే ఉన్నాయి. బకెట్టు నిండి పొర్లుతున్నట్టుంది, కట్టెయ్యకపోతే నీళ్ళు వృథా అనుకుంటూ కూర్చున్నాను. చాలాసేపటికి అత్తమ్మ వెళ్ళి కుళాయి కట్టేసింది. వంటింటి గుమ్మం దగ్గర కొడుకు వీపు మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. ఆయన భుజాలు కదులుతున్నాయి. అప్పుడు అర్థమైంది. లేచి వెళ్ళాలని తెలుసు. వెళ్తే ఏం చెయ్యాలో కూడా తెలుసు. కాళ్ళు లేవలేదు. గుడ్డ ఒళ్ళో పెట్టుకుని, ఆ మరకలు ఉప్పునీళ్ళకి పోతాయా పోవా అని చూస్తున్నాను.

ఆ రోజు ఆయన మళ్ళీ తోటలకి వెళ్ళలేదు. నా వేళ్ళకి మందు రాసి ప్లాస్టర్లు వేశాడు. సాయంత్రం బజారుకి వెళ్ళి వేళ్ళకి పెట్టుకునే ఇనప టోపీలు, టైలర్లు వాడేవి, నాలుగు తెచ్చాడు. కుట్టడం మానెయ్యమంటాడనుకున్నాను. అనలేదు. ఇకనుంచి నాలుగు కుట్లకోసారి తిప్పి చూడమని మాత్రం చెప్పాడు.

మరకలు చన్నీళ్ళూ సబ్బూ పెట్టి రుద్దితే చాలావరకు పోయాయి. పాకిన మరక గోధుమ రంగులో మిగిలిపోయింది. దాని మీద మిగిలిన పసుపు ముక్కతో ఒక చిన్న మామిడికాయ అతికాను.

మే మొదటి వారంలో గుడ్డ మడతపెట్టుకుని టీచరు గారింటికి వెళ్ళాను. స్కార్ఫు లేకుండా బయటికి వెళ్ళింది అదే మొదటిసారి. ఉక్కపోతకి తీసేశానంతే. జుట్టు వేలి గోరంత మొలిచింది. దారిలో ఇద్దరు తేరిపార చూశారు.

ఆవిడ టేబులు మీది పేపర్లూ కళ్ళజోడూ తీసేసి, ఒక చివర ఆవిడ, ఒక చివర నేను పట్టుకుని పరిచాం. పొట్టిదైపోయింది. జానెడు వేలాడాల్సిన గుడ్డ టేబులు అంచు కూడా అందుకోలేదు, రెండు వైపులా బెత్తెడు లోపలే ఆగిపోయింది. మూడు పొరలు కలిపి దగ్గర దగ్గరగా కుడితే గుడ్డ లోపలికి గుంజుకుంటుంది. దానికి ముందే ఎక్కువ వదలాలి. వేలాడే జానెడ్లు కూడా లెక్కలో సరిగ్గా కలిపినట్టు లేను. అది చాలదన్నట్టు ఒకవైపు అంచు అలలు అలలుగా లేచింది.

ముఖం వేడెక్కింది. చెవులు కాలిపోయాయి. మొదట అదేమిటో తెలియలేదు, కీమో మందు వేడి ఇంకా పోలేదేమో అనుకున్నాను. పద్దెనిమిదేళ్ళలో నా చేతి నుంచి అలాంటిది ఎవరింటికీ వెళ్ళలేదు. కొత్తగా నేర్చుకునే పిల్ల కూడా అంచు అలా వదలదు. నాకు సిగ్గేసింది. కోపం వచ్చింది.

"బాగుంది, ఉండనీ అమ్మాయ్" అన్నారు టీచరు గారు. "మధ్యలో కూజా పెడితే ఏం కనపడుతుంది?"

"ఇలాంటిది నేను ఇవ్వనండి" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. గుడ్డ లాక్కున్నట్టే తీసుకుని, చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఇంటికి వచ్చి టేపు ఎక్కడ పెట్టారని అత్తమ్మ మీద అరిచాను. మా ఆయన వస్తే, దారాలు పొట్టిగా కోశాడనీ, అందుకే కుట్లు బిగిశాయనీ దెబ్బలాడాను. అది అబద్ధం. ఆయన కంచం ముందు కూర్చుని నా వైపే చూస్తూ తిన్నాడు. అన్నం తిన్నాక ఆ కోపం ఎలా వచ్చిందో అలాగే పోయింది. మళ్ళీ వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఎప్పటిలాగే అయిపోయింది.

గుడ్డ బాగుచెయ్యడానికి నాలుగు రోజులు పట్టింది. అల లేచిన అంచు విప్పి, ముందు వదులుగా టాకాలు వేసి, గుంజుకోకుండా మళ్ళీ కుట్టాను. రెండు చివర్లా ముదురాకుపచ్చ పట్టీలు కోసుగా, మామిడాకు మొన వచ్చేలా పొడిగించాను. ఈసారి ముందే టీచరు గారింటికి వెళ్ళి టేబులు నేనే కొలుచుకున్నాను.

రెండోసారి పరిచినప్పుడు సరిపోయింది. పసుపు కాయల మీద డాట్ల మడత గీతలు దగ్గరగా చూస్తే కనిపిస్తున్నాయి. అవి కాయ మీది నరాల్లా ఉన్నాయన్నారు టీచరు గారు. అంచు తిప్పి అడుగువైపు చూస్తూ, ఇక్కడ ఒంటరిగా ఈ కాయ ఎందుకు కుట్టావని అడిగారు. వేళ్ళకి గుచ్చుకుంటే తెలియలేదనీ, మరక పోలేదనీ చెప్పాను. మా ఆయన కుళాయి దగ్గర ఏడ్చిన సంగతి కూడా చెప్పేశాను. అది ఎవరికీ చెప్పాలనుకోలేదు.

ఆవిడ ఆ చిన్న కాయ అంచుని వేలితో సర్దారు. "నువ్వు ఏడ్చావా?" అని అడిగారు.

"లేదండి. రావట్లేదు."

"సరే, కూర్చో" అని వంటింట్లోకి వెళ్ళి మామిడిపండు ముక్కలు కోసి తెచ్చారు. ఇద్దరం ఆ టేబులు దగ్గరే కూర్చుని తిన్నాం. కీమో తర్వాత నాకు రుచులు సరిగా తెలియడం లేదు. పులుపు ముందు తెలిసింది, తీపి ఎక్కడో దూరంగా ఉంది. ఇంకో ముక్క తీసుకోమంటే తీసుకున్నాను. పక్కింటి కుక్క గురించీ, కరెంటు కోతల గురించీ ఆవిడ మాట్లాడుతూ ఉన్నారు. నేను వింటూ కూర్చున్నాను.

ఇప్పుడు కుడిచేతి వేళ్ళకి స్పర్శ చాలావరకు వచ్చింది. ఎడమచేతి రెండు వేళ్ళు అలాగే ఉన్నాయి. అవి ఇంతేనేమోనని డాక్టరమ్మ అంది. టీచరు గారింట్లో చూసి ఇంకో ఇద్దరు టేబులు గుడ్డలు కుట్టించుకున్నారు. దిండు గలీబులూ సోఫా కవర్లూ కుడుతున్నాను. ఇంకొకరి జాకెట్టు ముట్టుకునే ధైర్యం ఇంకా రాలేదు, వచ్చినవాళ్ళని పక్క సందుకే పంపిస్తున్నాను. నా జాకెట్లు మాత్రం మూడు విప్పి ఎడమవైపు డాట్లు తీసేసి కుట్టుకున్నాను. గది తలుపు వేసుకుని, ఎవరో కస్టమరుకి తీసుకున్నట్టే టేపు పెట్టి కొలిచి, పుస్తకంలో కొత్త పేజీలో రాసుకున్నాను. ఏడుపు మాత్రం ఇప్పటికీ రాలేదు. వస్తుందని మా అమ్మాయి అంటుంది. ఒక్కొక్కరికి చాలా రోజులు పడుతుందట.

ఆ జూన్‌లో చెకప్ కోసం విజయవాడ వెళ్తూ, బస్టాండుకి టీచరు గారి వీధిలోంచి నడిచాను. వాళ్ళ ప్రహరీ గోడ మీద ఆ గుడ్డ ఉతికి ఆరేసి ఉంది. ఆగి చూశాను. ఒక మూల చిలకాకుపచ్చ రంగు దిగి పసుపు కాయ మీదకి కొంచెం పాకింది. ఆ పచ్చ గుడ్డని ముందే ఉప్పునీళ్ళలో నానబెట్టి ఉండాల్సింది. అంచు తిప్పి కుట్టు లాగి చూశాను, గట్టిగానే ఉంది. మా ఆయన ముందు నడుస్తున్నవాడు వెనక్కి తిరిగి, బస్సు వచ్చే టైమైందన్నాడు. వస్తున్నానని చెప్పి గుడ్డని మళ్ళీ ఎండ తగిలేలా సర్ది నడిచాను.